దిరిసెన బల్ల

విశాఖపట్నం కంచరపాలెంలో ఒక వడ్రంగి మేస్త్రి ఉండేవాడు. రేకుల షెడ్డు, రెండు పనిబల్లలు, గోడకి వరసగా ఉలులు, చిత్రికలు, రంపాలు. ఇంతే అతని ఆస్తి. తలుపులు, మంచాలు చేసేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నా, పాలిష్ మాటకొస్తే జనం అతన్నే వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. అతను మెరుగుపెట్టిన బల్ల మీద దీపం పెడితే బల్ల లోపల ఇంకో దీపం వెలిగేది.

అతని దగ్గర మేనల్లుడు పని నేర్చుకుంటున్నాడు. ఆ కుర్రాడిది వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక, లక్కబొమ్మల ఊరు. అక్కడ అంకుడు కర్రని తరిణె మీద గిర్రున తిప్పుతూ రంగు లక్క కడ్డీ ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. పైన మొగలి ఆకు నొక్కి పడితే నిగనిగలాడుతుంది. అంకుడు కర్ర నార ఎంత సన్నమంటే దానిలో కంటికి ఆనే రంధ్రమే ఉండదు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ అదే చూసిన కుర్రాడికి, లక్క అంటే పుయ్యగానే మెరిసేదన్న నమ్మకం గట్టిగా నాటుకుపోయింది.

ఒకరోజు కూర్మన్నపాలెం నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఉక్కు ఫ్యాక్టరీలో సేఫ్టీ విభాగంలో చేసి రిటైరైన మనిషి. 1992 ఆగస్టు 1న ఫ్యాక్టరీని జాతికి అంకితం చేశారు. ఆ ఏడాదే ఆయన భార్య పెరట్లో ఒక దిరిసెన మొక్క నాటింది. ఇరవై రెండేళ్ళు నీడనిచ్చిన ఆ చెట్టు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకి వేళ్ళతో సహా కూలిపోయింది. ఆ గాలికి విశాఖలో పడిపోయిన చెట్లకి లెక్కలేదు. వాటిలో ఎన్నో కట్టెల కింద పోయాయి. పెద్దాయన మాత్రం మొద్దుని సామిల్లుకి తోలించి రెండంగుళాల మందాన పలకలు కోయించాడు. కొసలు పగలకుండా రంగు పూసి, పలకకీ పలకకీ మధ్య గాలాడేలా సన్న పట్టీలు పెట్టి, ఎండ తగలని వసారాలో పేర్చాడు. అంగుళం మందానికి ఏడాది చొప్పున ఆరనివ్వాలన్నది పాతవాళ్ళ లెక్క. ఆయన రెండేళ్ళు దాటేదాకా ఆగి అప్పుడు బండి కట్టించుకుని వచ్చాడు.

"మా అమ్మాయి యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది మేస్త్రీ. దానికి రాతబల్ల కావాలి. వాళ్ళమ్మ నాటిన చెట్టు ఇది. మళ్ళీ దొరకదు, జాగ్రత్తగా చెయ్యి" అన్నాడు.

మేస్త్రి పలక అంచున వేలితో కొట్టి చూశాడు. పైనున్న తెల్లకర్ర పురుగు పట్టి పిండిలా రాలింది. దాన్నంతా కోసి పారేసి, లోపలి గోధుమరంగు చేవ మాత్రం ఉంచాడు. దిరిసెన నార ఒక వాటాన ఉండదు. ఒక పొర ఇటు వాలితే దాని పక్క పొర అటు వాలుతుంది. చిత్రిక కత్తి కాస్త మొద్దుబారినా నార పెచ్చులుగా లేచిపోతుంది. అందుకని కత్తిని మాటిమాటికీ సానరాయి మీద నూరుతూ ఉల్లిపొరంత పలచగా తీశాడు. అయినా లేచినచోట గాజుపెంకుతో గీకాడు. వారం తిరిగేసరికి బల్ల నాలుగు కాళ్ళ మీద నిలబడింది.

ఇంతలో బొబ్బిలిలో చుట్టాల పెళ్ళి వచ్చింది. "సాండ్ పేపరు పట్టి ఉంచరా. పాలిష్ సంగతి నేనొచ్చాక చూద్దాం" అని చెప్పి మేస్త్రి బస్సెక్కాడు.

మావయ్య తిరిగొచ్చేసరికి పని పూర్తిచేసి చూపించాలని కుర్రాడికి ఆశ పుట్టింది. లక్క రేకుల్ని స్పిరిట్‌లో నానబెట్టాడు. దూదిని మెత్తటి గుడ్డలో చుట్టి, లక్కలో ముంచి బల్ల మీద రుద్దాడు. ఒక చెయ్యి ఆరగానే ఇంకో చెయ్యి. సాయంత్రానికి బల్ల తళతళలాడింది. పక్క షెడ్డువాళ్ళు వచ్చి మెచ్చుకుని వెళ్ళారు.

మూడో రోజు మేస్త్రి వచ్చాడు. బల్ల చుట్టూ ఒకసారి తిరిగాడు. ఏమీ అనలేదు. పొద్దుగూకాక బల్బు ఆర్పేసి, టార్చిలైటు తెచ్చి, నిలబెట్టకుండా బల్ల మీదే పడుకోబెట్టి మీట నొక్కాడు. వెలుగు బల్ల పొడవునా నేలబారుగా పాకింది. పగలు నున్నగా కనపడిన పలక మీద లెక్కలేనన్ని సన్నటి గాట్లు తేలాయి. ఒక్కో గాటు పక్కన గీత గీసినట్టు నీడ.

"ఇదేటి మావయ్యా? పూసిన్నాడు నున్నగానే ఉంది కదా!"

"పూసిన్నాడు స్పిరిట్‌తో నిండుంది. స్పిరిట్ ఎగిరిపోయింది, లక్క మిగిలింది. మిగిలినదెంత? ఉన్న కాస్తా రంధ్రంలోకి దిగిపోయింది. ఇంకో పది చేతులు పూసినా ఇలగే దిగుతాది."

మేస్త్రి పెట్టెలోంచి భూతద్దం తీసి, పాలిష్ పెట్టని ఒక దిరిసెన ముక్కని కుర్రాడి చేతిలో పెట్టాడు. కొసని భూతద్దంలో చూస్తే చిల్లులు చిల్లులుగా ఉంది. నిలువుకోత వైపు అవే చిల్లులు పొడుగాటి కాలవల్లా సాగాయి.

"చెట్టు బతికున్నప్పుడు వేరు నుంచి ఆకుకి నీళ్ళు మోసిన గొట్టాలివి. చెట్టు పోయినా ఇవి పోవు. అంకుడికి మరీ సన్నం, కంటికి ఆనవు. టేకుకి, ఇరుగుడుకి, దిరిసెనకి పెద్దవి. నూనె రుద్ది ఈ రంధ్రాలని ఇలగే వదిలీడం కూడా ఒక పద్ధతే, అందులో తప్పు లేదు. కర్ర కర్రలాగే కనపడతాది. కానీ ఇది రాతబల్ల. కాగితం పెట్టి రాస్తే పెన్ను మొన గాటులో దిగుతాది. దీనికి నింపాల్సిందే. నింపకుండా మెరుగు పెడితే పైన పటారం, లోన లొటారం."

కుర్రాడు తల వంచుకున్నాడు. పూసిన లక్కంతా స్పిరిట్ గుడ్డతో కరిగించి తుడిచేశాడు. మర్నాడు పని మళ్ళీ మొదటినుంచి మొదలైంది.

ఇద్దరూ 80 నంబరు సాండ్ పేపరుతో మొదలుపెట్టి, 120, 180 దాకా నార వాటానే పట్టారు. అడ్డంగా పడితే గీతలు పడి, రంగు పట్టగానే అవన్నీ బయటికొస్తాయి. ఆపైన రంధ్రాల్లో కూరుకున్న పొడిని బ్రష్షుతో దులిపారు. దిరిసెన పొడి మామూలు పొడి కాదు. ముక్కులో పడగానే తుమ్ములు, గొంతులో మంట. కుర్రాడు వరసగా తుమ్మాడు. మేస్త్రి ముక్కుకి తువ్వాలు చుట్టుకుని నవ్వాడు.

"కర్రపనోడికి తుమ్మూ దగ్గూ తోబుట్టువులురా. నలభై ఏళ్ళనుంచి నాకు లేవా?"

నిజమే, అతనికి ఎప్పటినుంచో దగ్గుంది. రాత్రుళ్ళు ఎక్కువయ్యేది. అల్లం టీ తాగి పడుకునేవాడు.

చీకటి పడ్డాక కుర్రాడు మావయ్య నేర్పిన పరీక్ష చెయ్యబోయాడు. అప్పటికి పని ఆపేసి అరగంట దాటింది. బల్బు ఆర్పి, టార్చిలైటు వేసి, బల్ల మీద పెట్టేలోపు చెయ్యి పైకి లేచింది. వెలుగు షెడ్డు గాలిలో అడ్డంగా సాగింది. కుర్రాడు అలాగే ఉండిపోయాడు. ఆ వెలుగులో పొడి తేలుతోంది. నేలకి దిగడం లేదు. చుట్టూ అంతా నిశ్చలంగా ఉన్నా, అది మెల్లగా సుడులు తిరుగుతోంది. మేస్త్రి అప్పుడే తువ్వాలు విప్పి, మంచినీళ్ళు తాగి, ఆ గాలిలోనే మంచం వాల్చుకుని కూర్చున్నాడు. అతను ఊపిరి తీసినప్పుడల్లా వెలుగులో ఉన్న పొడి అతని ముఖం వైపు లాగబడుతోంది.

"మావయ్యా, ఇలా చూడు. బల్లని కాదు, నీ ముక్కు దగ్గర చూడు."

మేస్త్రి చూశాడు. తన టార్చిలైటే, తన పరీక్షే. కర్రలో ఉన్న గాటు తన కంటికి తప్పించుకోలేదు గానీ, తన ముఖం ముందు తేలుతున్న పొడి నలభై ఏళ్ళు తప్పించుకుంది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి మంచం బయట వేసుకున్నాడు.

సాండ్ పేపరు పని అయ్యాక లప్పం పని మొదలైంది. ముందు పలచటి లక్క ఒక చెయ్యి పూసి ఆరనిచ్చారు. లప్పంలో రంగు ఎక్కడపడితే అక్కడ కర్రలోకి ఇంకిపోకుండా ఉండడానికి అది. తర్వాత మెత్తటి సుద్దపొడిని అవిసె నూనెతో నూరి, కాస్త టర్పెంటైన్ పోసి, కర్ర కంటే ఒక ఛాయ ముదురుగా ఉండేలా రంగు కలిపాడు మేస్త్రి. "కర్ర ఏళ్ళు గడిచేకొద్దీ రంగు మారుతాది. లప్పం లేతగా ఉంటే గీతలన్నీ తెల్లగా పళ్ళికిలిస్తాయి" అన్నాడు. గోనెపట్టాతో లప్పాన్ని గుండ్రంగా రుద్ది రంధ్రాల్లోకి కూరారు. మెరుపు తగ్గి మసకబారాక, నారకి అడ్డంగా తుడిచారు. వాటాన తుడిస్తే నింపినదంతా ఊడొస్తుంది మరి.

పని అయ్యాక మేస్త్రి ఎప్పటిలాగే చెప్పాడు: "ఆ నూనె గుడ్డలు తీగ మీద విడివిడిగా ఆరెయ్యి." కుర్రాడికి అది చాదస్తంలా తోచింది. చింపిరి గుడ్డలు ఆరేసి ఏం చేస్తాం అనుకుని, ఉండచుట్టి మూల ఉన్న రంపపుపొట్టు బస్తాలో కుక్కేశాడు.

సాయంత్రం పెద్దాయన పని చూడ్డానికొచ్చాడు. గుమ్మంలోనే ఆగి ముక్కు ఎగబీల్చాడు. నేరుగా మూలకి వెళ్ళి బస్తాలో చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. గుడ్డలు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నాయి. బస్తాని బయటికి లాగి బోర్లిస్తే సన్నగా పొగ లేచింది. రెండు బిందెల నీళ్ళు పోశాక గానీ చల్లారలేదు.

"అగ్గిపుల్ల గియ్యలేదు బాబూ! బీడీ కూడా కాల్చలేదు!" అన్నాడు మేస్త్రి కంగారుగా.

"అక్కర్లేదు మేస్త్రీ. అవిసె నూనె నీళ్ళలా ఆరదు. గాలిలో ఉన్న ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. అలా కలిసేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డ విప్పి ఆరేస్తే ఆ వేడి గాలికి పోతుంది. ఉండచుడితే లోపలే ఉండిపోయి, పెరిగి పెరిగి దానంతట అదే అంటుకుంటుంది. అమెరికాలో ఫిలడెల్ఫియా అనే ఊళ్ళో వన్ మెరిడియన్ ప్లాజా అని 38 అంతస్తుల భవనం ఉండేది. 1991 ఫిబ్రవరి 23న 22వ అంతస్తులో మంటలు లేచాయి. గోడల చెక్కపనికి లిన్సీడ్ ఆయిల్ పట్టించి, ఆ గుడ్డలు అక్కడే వదిలి వెళ్ళారు. అంతే. మంట ఆర్పడానికి వెళ్ళిన ముగ్గురు ఫైర్ సిబ్బంది చచ్చిపోయారు. 30వ అంతస్తులో నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్లు ఉండబట్టి మంట అక్కడ ఆగింది. మాకు ట్రైనింగులో చెప్పేవారు."

కుర్రాడి ముఖం పాలిపోయింది. మేస్త్రి గొంతు తగ్గించి అన్నాడు: "తీగ మీద ఆరెయ్యమని మా నాన్న నాకు చెప్పాడు. నేను వీడికి చెప్పాను. ఎందుకో మా నాన్న చెప్పలేదు, నేనడగలేదు. వీడికి కారణం తెలిస్తే ఇలా చేసేవాడు కాదు. తప్పు వాడిది సగం, నాది సగం."

ఆ మాట వినగానే కుర్రాడికి ధైర్యం వచ్చింది. టార్చిలైటు వెలుగులో తాను చూసిన పొడి సంగతి పెద్దాయనకి చెప్పాడు.

"ఫ్యాక్టరీలో హెల్మెట్టు లేకుండా గేటు దాటనిచ్చేవాళ్ళం కాదు" అన్నాడు పెద్దాయన. "మొదట్లో కార్మికులు విసుక్కునేవారు. మీద పడే ఇనుము కనపడుతుంది కాబట్టి త్వరగానే అలవాటుపడ్డారు. కనపడని దుమ్ముకి భయపడమంటేనే కష్టం. పెద్ద పొడి ముక్కులో ఆగిపోతుంది మేస్త్రీ. తుమ్ముతో చాలావరకు పోతుంది. నిన్న వెలుగులో తేలినది సన్నపొడి. తువ్వాలు నేత సందుల్లోంచి దూరి, ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోయి కూర్చుంటుంది. నీ ఊపిరితిత్తులూ ఈ దిరిసెనలాంటివే. నిండా సన్నటి గొట్టాలు, గదులు. ఈ కర్రలో గొట్టాలు నిండితే బల్లకి అందం. నీలో నిండితే నీకు చేటు."

మర్నాడు మేస్త్రి స్వయంగా వెళ్ళి ఎన్95 మాస్కులు కొనుక్కొచ్చాడు. గెడ్డం దగ్గర, ముక్కు పక్కన సందు లేకుండా నొక్కి పెట్టుకోవడం పెద్దాయన దగ్గర నేర్చుకున్నాడు. మాస్కు అంచు చర్మానికి ఆనాలని ఏళ్ళ తరబడి పెంచుకున్న గెడ్డం గీయించుకున్నాడు. సాండ్ పేపరు పని షెడ్డు లోపల మానేసి, వెనక వేపచెట్టు కింద గాలికి వీపు పెట్టి చెయ్యడం మొదలుపెట్టాడు. చీపురు బదులు తడిగుడ్డ వచ్చింది. పని చొక్కా షెడ్డులోనే విప్పి, కాళ్ళూ చేతులూ ముఖమూ కడుక్కున్నాకే అన్నం. నూనె గుడ్డలకి బయట ఒక తీగ కట్టారు. ఆరి అట్టలా బిగిశాకే అవి చెత్తలోకి వెళ్ళేవి.

నింపిన లప్పం ఆరడానికి వారం ఆగారు. టార్చి వేసి చూస్తే ఇంకా కొన్ని గాట్లు మిగిలాయి. ఇంకోసారి నింపారు, ఇంకో వారం ఆగారు. ఆ తర్వాతే లక్క. ముసురు పట్టిన రోజు మేస్త్రి లక్క ముట్టనివ్వలేదు. స్పిరిట్ ఎగిరేటప్పుడు పలక చల్లబడి గాలిలో చెమ్మని లాగుతుంది. సముద్రపు ఊళ్ళో చెమ్మకి కరువేముంది? పాలిష్ తెల్లబారిపోతుంది. అందుకని ఎండ కాసిన రోజునే, పొద్దెక్కాకే పట్టారు. పలచటి చేతులు, మధ్యమధ్య సన్నటి పేపరు, మళ్ళీ పలచటి చెయ్యి.

పెద్దాయన కూతురు బల్ల తీసుకెళ్ళడానికి వచ్చిన రోజు, కుర్రాడు బల్బు ఆర్పి టార్చిలైటుని బల్ల మీద పడుకోబెట్టాడు. వెలుగు ఈ కొస నుంచి ఆ కొసకి ఎక్కడా ఆగకుండా వెళ్ళింది. ఆమె అరచేతితో పలకని నిమిరి, "అమ్మ ఉంటే బావుండేది" అంది. మేస్త్రి కూలి తీసుకుని, దాంట్లోంచి మొదట మాస్కులకి కావలసిన డబ్బు తీసి పక్కన పెట్టాడు. ఆనాటి నుంచి ఆ షెడ్డులో టార్చిలైటు రోజూ రెండుసార్లు వెలిగేది. ఒకసారి బల్ల మీద, ఒకసారి గాలిలో.

నీతి

లోపల ఉన్న ఖాళీని ముందు చూడాలి. నింపాల్సిన ఖాళీని ఓపికగా నింపాలి, నిండకూడని ఖాళీని అంతే జాగ్రత్తగా కాపాడాలి. ఈ రెండూ కలిస్తేనే పనితనం. మేస్త్రికి మొదటిది తెలుసు, కుర్రాడు దాన్ని అతని దగ్గర నేర్చుకున్నాడు. రెండోది కుర్రాడి కంట పడింది, మేస్త్రి దాన్ని కుర్రాడి దగ్గర నేర్చుకున్నాడు. కింద కూర్చుని నేర్చుకునేవాడు చూపించినా సరే, కనపడిన నిజాన్ని ఒప్పుకోవడమే పెద్దరికం. ఇందులో ఇంకో నీతీ ఉంది. కారణం చెప్పకుండా అప్పగించిన జాగ్రత్త ఒక తరం దాటేసరికి చాదస్తమవుతుంది. కారణంతో అప్పగించినదే నిలుస్తుంది.

కథ జరిగిన విశాఖపట్నానికి కర్రపని కొత్త కాదు. 18వ శతాబ్దంలోనే విశాఖపట్నం కంసాలి పనివాళ్ళు ఇరుగుడు, నల్లచేవమాను కర్రల మీద ఏనుగు దంతం పొదిగి కుర్చీలు, బల్లలు, పెట్టెలు చేసి దేశదేశాలకీ పంపారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇవాళ్టికీ అవి ఉన్నాయి. దంతం మీద సన్నటి లతలు చెక్కి, ఆ గాట్లలో నల్ల లక్క నింపడం వాళ్ళ చేతి ముద్ర. గాటుని ఎలా నింపాలో ఈ ఊరి పనివాళ్ళకి మూడొందల ఏళ్ళనాడే తెలుసు. ఏనుగు దంతం వ్యాపారం ఇవాళ నిషిద్ధం, అది న్యాయం కూడా. ఆ చేతి ఓపిక మీద మాత్రం ఏ నిషేధమూ లేదు. ఆ వస్తువులు అద్దాల వెనక భద్రంగా ఉన్నాయి. వాటిని చేసినవాళ్ళ పేర్లు చాలావరకు మనకి దక్కలేదు. ఇరుగుడు పొడి చర్మం మీద దద్దుర్లు తెస్తుందని, ఊపిరిని పట్టేస్తుందని వైద్యులకి ఇవాళ తెలుసు. ఆ మెరుపు కోసం వాళ్ళు ఎంత పీల్చారో ఏ మ్యూజియంలోనూ రాసి లేదు.

కర్రపొడి ప్రమాదం ఊహ కాదు. బ్రిటన్‌లో హై వికోంబ్ అనే ఊరు కుర్చీల తయారీకి పేరుపడింది. అక్కడి ముక్కు, చెవి, గొంతు వైద్య నిపుణులు డాక్టర్ హాడ్‌ఫీల్డ్, చాలా అరుదైన ఒక రకం ముక్కు క్యాన్సర్ కుర్చీలు, బల్లలు చేసేవాళ్ళలోనే మళ్ళీ మళ్ళీ కనపడుతోందని 1960లలో గమనించారు. అచెసన్ తదితరులతో కలిసి 1968లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆ సంగతి ప్రకటించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో ప్రచురించిన తన సంపుటంలో కర్రపొడిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. పొడి పీల్చిన రోజుకీ జబ్బు బయటపడిన రోజుకీ మధ్య దశాబ్దాలు గడుస్తాయి. అందుకే పనివాడు రెండింటినీ కలిపి చూడలేడు. నలభై ఏళ్ళుగా ఏమీ కాలేదన్న మాట ధైర్యమిచ్చే మాట కాదు.

పాత పాలిష్ స్పిరిట్, లక్కలతో పోయేది. ఇప్పుడు పీయూ (పాలీయూరిథేన్), మెలమైన్ పాలిష్‌లు, థిన్నర్లు వచ్చాయి. రెండు డబ్బాలు కలిపి వాడే పీయూలో గట్టిపరిచే డబ్బాలో ఐసోసైనేట్లు ఉంటాయి. అవి ఉబ్బసం తెప్పిస్తాయి, ఒకసారి పట్టుకుంటే కొద్దిగా తగిలినా మళ్ళీ తిరగబెడుతుంది. మెలమైన్ నుంచి ఫార్మాల్డిహైడ్ వస్తుంది. పొడిని ఆపే ఎన్95 మాస్కు ఈ ఆవిర్లని ఆపదు. వీటికి ఆవిర్లని ఆపే తగిన మాస్కు, బయటికి లాగే ఫ్యాను కావాలి. థిన్నర్ ఆవిరి గాలికంటే బరువు. నేలబారుగా పాకి ఎక్కడో ఉన్న దీపాన్ని వెతుక్కుని అంటుకుంటుంది. స్ప్రే కొట్టే గదిలో స్విచ్చులు, బీడీ, గ్యాస్ పొయ్యి ఉండకూడదు.

ఇదంతా పనివాడి బాధ్యత మాత్రమే కాదు. గృహప్రవేశం ముహూర్తం ముందు పెట్టి, లప్పం ఆరడానికి వారం కూడా ఆగకుండా, రోజుకి మూడుసార్లు ఫోను చేసి తొందరపెట్టేది మనమే. మాస్కు ఖర్చు, ఎండ రోజు కోసం ఆగే ఖర్చు బేరంలో కోసేసేదీ మనమే. తొందరలో చేయించుకున్న మెరుగు ఏడాది తిరక్కుండానే కుంగుతుంది. ఆ తొందరలో పీల్చిన పొడి మాత్రం మనిషిలోంచి బయటికి రాదు.

అందుకే ఇంటికి బల్లో బీరువానో చేయించుకునే ప్రతివాళ్ళకీ ఒక మనవి. పాలిష్ ఎన్నాళ్ళకవుతుందని అడిగే ముందు, పనివాడికి మాస్కు ఉందా అని అడగండి. లేకపోతే మీరే కొనివ్వండి. నింపడానికి, ఆరడానికి పట్టే రోజులకి కూలి కట్టండి. వడ్రంగి అన్నలారా, మీ దగ్గర పని నేర్చుకునే కుర్రాడికి ఉలి చేతికిచ్చే రోజునే మాస్కు కూడా ఇవ్వండి, ఎందుకివ్వాలో చెప్పి మరీ ఇవ్వండి.